అద్దరి దాకా, అమ్మతో

నరసాపురం రైలెక్కితే ఒక సుఖం ఉంది. ఎంత ఆదమరిచి నిద్రపోయినా స్టేషను దాటిపోతుందన్న భయం ఉండదు. పట్టాలు అక్కడితో ఆఖరు. ఆ తరవాత గోదావరి, ఇంకొంచెం పోతే సముద్రం. "మన ఊరు దాటి రైలు కూడా పోలేదే అమ్మడూ" అనేవారు నాన్న, అదేదో మా ఊరి ఘనత అయినట్టు. రైళ్ళన్నీ మా ఊరు చూడ్డానికే వచ్చి, చూసుకుని వెనక్కి వెళ్ళిపోతాయని చాలా ఏళ్ళు నేను నిజంగానే నమ్మాను.

ఈసారి ఆ రైల్లో అమ్మని తీసుకుని వెళ్ళాను. ఇద్దరికీ కింద బెర్తులే దొరికాయి. హైదరాబాదులో తమ్ముడి ఫ్లాటు నుంచి బయల్దేరుతుంటే మరదలు పులిహోర కట్టిచ్చింది, తమ్ముడు మందుల డబ్బా మీద ఏది ఎప్పుడో స్కెచ్ పెన్నుతో రాసిచ్చాడు. పదహారు రోజుల సెలవు మీద ఇండియా వచ్చిన మనిషిని నేను. ఆ పదహారు రోజుల్లో ఏమేం ఇరికించాలో మీకు నేను చెప్పక్కర్లేదు. పళ్ళ డాక్టరు, బ్యాంకులో కేవైసీ, జాకెట్లు కుట్టించుకోవడం, వెళ్ళకపోతే మాట పడే రెండు పెళ్ళిళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఎడిసన్ నుంచి ఇలాగే వచ్చి ఇలాగే వెళ్తున్నాను. ఆ జాబితాలోంచి ప్రతిసారీ ముందుగా జారిపోయేది మా ఊరే. ఇల్లు అమ్మేశాక మరీను. వెళ్ళి ఎక్కడ దిగుతాం, ఎవరిని చూస్తాం అని నేనే అనుకునేదాన్ని.

ఈసారి అమ్మే అడిగింది. అమ్మ ఏదైనా అడగడం అరుదు. డెబ్భై ఆరేళ్ళొచ్చాయి. కళ్ళకి గ్లాకోమా. ఎదురుగా ఉన్నది కొంత కనిపిస్తుంది, పక్క చూపు పోయింది. "గొట్టంలోంచి చూసినట్టుందే" అంటుంది. నేను వెళ్ళిన రెండో రోజు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా అంది.

"నన్నొకసారి పంటెక్కించవే."

మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, తెలియని వాళ్ళ కోసం. పంటంటే రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన తెప్ప లాంటిది. మనుషులు, సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు, ఒక్కోసారి పెళ్ళివారి బృందం మొత్తం, అన్నీ దాని మీదే గోదారి దాటతాయి. ఇద్దరి నరసాపురం వైపు మాధవాయిపాలెం రేవు, అద్దరి సఖినేటిపల్లి. అక్కణ్ణించి కోనసీమ. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దగ్గరికి వెళ్ళాలన్నా మాకు అదే దారి.

"అదేంటమ్మా, నువ్వెక్కని పంటా?" అన్నాను.

"ఎక్కడ ఎక్కానే. పెళ్ళయిన కొత్తలో అంతర్వేది తీర్థానికోసారి. నువ్వు పుట్టాక మొక్కు తీర్చుకోడానికోసారి. అంతే."

నలభై ఏళ్ళు ఏటి ఒడ్డున కాపురం చేసిన మనిషి. నేను వెంటనే నమ్మలేదు. ఎందుకంటే నా చిన్నతనమంతా ఆ పంటు మీదే ఉంది.

నాన్న రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా. జీతం ఎంతో మాకు తెలీదు, చాలదని మాత్రం తెలుసు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎండ కాస్త వాలగానే, సైకిలు తీసేవారు. ముందు కడ్డీ మీద తువ్వాలు మడతపెట్టి నన్ను, వెనక క్యారేజీ మీద తమ్ముణ్ణి. "పదండి, ఇవాళ ఫారిన్ వెళ్దాం" అనేవారు. ఫారినంటే సఖినేటిపల్లి. రేవులో సైకిలు తెలిసినవాళ్ళ బడ్డీ పక్కన ఆనించి, పంటెక్కి, అద్దరి వెళ్ళి, అక్కడ టీ కొట్టు బల్ల మీద కాసేపు కూచుని, మళ్ళీ అదే పంటు మీద వెనక్కి. అక్కడ మాకు పనేమీ లేదు. చుట్టాలూ లేరు. ఏరు దాటి రావడమే పని.

ఆ కాస్త దూరంలోనే నాన్న ఎన్ని చెప్పేవారో. మా ఊళ్ళో వలంధర రేవుకి ఆ పేరు హాలెండు వాళ్ళ నుంచి వచ్చిందని, వాళ్ళని మనవాళ్ళు వలందులనేవారని, 17వ శతాబ్దంలో ఈ ఒడ్డున పెద్ద పెద్ద ఓడలు కట్టేవారని. "అప్పట్లో ఫారిన్ వాళ్ళే మన ఊరొచ్చేవారు, మనం వెళ్ళే పని లేదు" అనేవారు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వు, ఇంకేదో కూడా వస్తుంది. నీళ్ళ రంగు చూసి నెల చెప్పడం నేర్పింది ఆయనే. ఆషాఢంలో ఎర్రనీరు. మాఘం వచ్చేసరికి తేటపడి, పోటు వేళ సముద్రపు ఉప్పు లోపలి దాకా తోసుకొచ్చి ఆకుపచ్చగా ఉండేది. నాలిక మీద ఒక చుక్క వేసుకుని "పోటే" అని తేల్చేవారు. ఇక్కడ వంతెన వస్తుందని కూడా ప్రతిసారీ చెప్పేవారు. నాన్న వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళయింది, మేం వెళ్ళేనాటికీ ఏరు దాటాలంటే పంటే.

తిరిగొచ్చేటప్పుడు రేవులో వేయించిన వేరుశనక్కాయలు పొట్లం ఒకటి. మా ఇద్దరికీ తలో గుప్పెడు పెట్టి, మిగిలింది నాన్న లాల్చీ జేబులో పెట్టుకునేవారు. అది అమ్మకి.

రైల్లో, పులిహోర తిన్నాక, అదే అడిగాను. మాతో ఎప్పుడూ ఎందుకు రాలేదమ్మా అని.

అమ్మ చేతులు తుడుచుకుంటూ, ఇందులో దాచడానికేముంది అన్నట్టు చెప్పింది. "సోమవారం పొద్దున్నే ఏజెంటు వచ్చేవాడు కదే. మీరు ముగ్గురూ ఇంట్లో ఉంటే పని సాగేదా? ఒకడు మంచినీళ్ళంటాడు, ఒకత్తె జడంటుంది. మీ నాన్న చేతిలో రూపాయో రెండో పెట్టి, పిల్లల్ని తీసుకుపోండీ అని నేనే తోసేదాన్ని. మీరొచ్చేలోపు నాలుగు పువ్వులు ఎక్కువ పడేవి."

"పంటు డబ్బులు నువ్విచ్చేదానివా?"

"మరి ఆయన దగ్గరెక్కడివి? జీతం తెచ్చి నా చేతిలోనే పోసేవారుగా, అది పదో తారీకుకే ఐపోయేది. లేసు డబ్బుల్లోంచే."

భీమవరం దాకా నాకు నిద్ర పట్టలేదు. అమ్మ మాత్రం హాయిగా గురకపెట్టింది.

అమ్మ లేసు అల్లేదన్న సంగతి నాకు కొత్త కాదు. మా వీధిలో అల్లని ఇల్లేది? 19వ శతాబ్దంలో మిషనరీలతో మా ప్రాంతానికొచ్చిన పని అది. నేను పుట్టేసరికి, చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు కాఫీ కలిపినంత మామూలుగా చేస్తున్న పని. సన్నని కొక్కెం సూది, తెల్ల నూలు దారం. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుని అమ్మ అరుగు మీద కూచునేది. ఆ వేళ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. ఆవకాయ చేతులు, నూనె తల, బలపం దుమ్ము, ఏది తగిలినా మరకే. మరకపడితే ఏజెంటు డబ్బులు కోసేవాడు. దారం తూచి ఇచ్చేవాడు, అల్లింది తూచి తీసుకునేవాడు. కాసింత తేడా వస్తే అమ్మ ముఖం ఎలా అయ్యేదో నాకు గుర్తుంది గానీ, అప్పట్లో దాన్ని నేను కోపం అనుకున్నాను.

అమ్మ అల్లేది పువ్వులు. ఒక్కో పువ్వూ నా అరచేతిలో సగం. వాటిని అతికి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేసే పని ఇంకొకరిది, దాన్ని అతుకుపని అంటారు. అమ్మ చేసిన పువ్వులు చివరికి ఏమయ్యాయో అమ్మ ఎప్పుడూ చూడలేదు. మా ఇంట్లో బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ ఉండేది, దాని మీద యాపిల్ పళ్ళ బొమ్మలు.

ఊళ్ళో దిగాం. సొంతూళ్ళో లాడ్జిలో దిగడం ఎలా ఉంటుందో దిగితే గానీ తెలీదు. కౌంటరు దగ్గర కుర్రాడు రిజిస్టరు తిప్పి నా వైపు పెట్టాడు. పేరు. ఎక్కడి నుంచి. అక్కడికి వచ్చేసరికి కలం ఆగింది. న్యూజెర్సీ అని రాశాను. తరవాతి గడి "వచ్చిన పని". ఏం రాయాలో తోచక అమ్మని చూశాను.

"పంటెక్కడానికని రాయవే" అంది.

కుర్రాడు నవ్వేడు. "ఆయ్, అలాగే రాసెయ్యండమ్మా" అన్నాడు. అలాగే రాశాను.

సాయంత్రం మా వీధికి వెళ్ళాం. ఇల్లు అమ్మిన సంగతి ఇక్కడ చెప్పాలి, చెప్పకుండా దాటేద్దామనిపిస్తోంది కానీ. నాన్న పోయాక మూడేళ్ళు ఖాళీగా ఉంది. పెంకులు జారిపోతున్నాయి, వానాకాలం గోడలు చెమ్మ. తమ్ముడికి హైదరాబాదులో ఫ్లాటు కిస్తీలు. నేను అక్కడి నుంచి పవరాఫ్ అటార్నీ పంపాను. కాన్సులేటు పని ఉందని ఒక్క పూట సెలవు పెట్టి, మధ్యాహ్నానికి ఆఫీసుకి వెళ్ళిపోయాను. అమ్మని అడిగామా? అడిగాం. "మీ ఇష్టం" అంది. ఆ మాటకి అర్థం ఇష్టం అనే రాసుకున్నాం ఇద్దరమూ. మనందరి ఇళ్ళల్లోనూ అమ్మలు ఈ మాటే అంటారు, మనమూ ఇలాగే రాసుకుంటాం.

ఇప్పుడక్కడ రెండంతస్తుల డాబా ఉంది. ముందంతా గ్రానైటు. కొన్నవాళ్ళు మంచివాళ్ళే. గుర్తుపట్టి, లోపలికి రండి, కాఫీ తాగి వెళ్ళండని ఆవిడ ఎంతో బతిమాలింది. అమ్మ గేటు పట్టుకుని నిలబడింది, లోపలికి రాలేదు. మెడ అటూ ఇటూ తిప్పి, చూపు ఆనేచోటు కోసం వెతుక్కుని, "అరుగు తీసేశారా" అని మాత్రం అడిగింది.

"కారు పెట్టుకోడానికి చోటు లేదండీ" అందావిడ, తప్పు చేసినట్టు.

"మంచి పని చేశారమ్మా. ఈ రోజుల్లో అరుగు మీద ఎవరు కూచుంటారు" అంది అమ్మ. ఆ మాట ఆవిడ ఇబ్బందిపడకుండా ఉండాలని అన్నది.

నాకు మాత్రం కడుపులో తిప్పినట్టయింది. ఇల్లు పోయిందని నేను తలుచుకున్నప్పుడల్లా కళ్ళముందుకొచ్చేవి భోగి మంట, పెరట్లో పనసచెట్టు, నాన్న పడక్కుర్చీ. ఆ అరుగు ఒక్కసారీ రాలేదు. ఆ ఇంట్లో అమ్మకి సొంతమైన చోటు ఆ నాలుగడుగులే అని ఎప్పుడూ అనుకోలేదు.

నాలుగిళ్ళ అవతల అతుకుపని అత్తయ్యగారు ఇంకా ఉన్నారు. వరసకి ఏమీ కారు. అమ్మని వదినగారూ అంటారు కాబట్టి మాకు అత్తయ్యగారు. ఎనభై దగ్గరపడ్డా గుమ్మంలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, ఒళ్ళో తెల్లగుట్ట పెట్టుకుని కూచున్నారు. ఇద్దరూ చేతులు పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తరవాత ఒకేసారి మాట్లాడారు. ఎవరు పోయారు, ఎవరికి మనవలు, ఎవరి కోడలు ఎలాంటిది.

అమ్మ ఆవిడ ఒళ్ళోంచి ఒక పువ్వు తీసి వేళ్ళతో తడిమింది. చుట్టూ రెక్కలు లెక్కపెడుతూ పోయి, ఒకచోట ఆగి, "ఇక్కడ ఒక గొలుసు తప్పారు" అంది. అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇప్పటి పిల్లలండీ వదినగారూ, తొందర. మీ పువ్వులైతే కళ్ళు మూసుకుని అతికేదాన్ని" అన్నారు. నేను పుట్టిన దగ్గర్నుంచీ అమ్మ పనిని ఎవరైనా మెచ్చుకోగా వినడం అదే మొదటిసారి. అమ్మ ముఖం చూశాను. తొమ్మిదో తరగతిలో నాకు లెక్కల్లో ఫస్టు వచ్చినప్పుడు నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

2024లో మా లేసుకి జీఐ గుర్తింపు వచ్చిందని నేను ఇంటర్నెట్‌లో చదివి సంబరపడి, గ్రూపులన్నిట్లోనూ పెట్టాను. ఆ మాటే అత్తయ్యగారితో అన్నాను.

"ఆయ్, గుర్తింపు వచ్చిందని టీవీలో చెప్పారమ్మా" అన్నారావిడ, దారం తెంపుతూ. "రేటే రాలేదు."

ఆ రాత్రి లాడ్జిలో ఫ్యాను చప్పుడు వింటూ పడుకుంటే 1986 ఆగస్టు గుర్తొచ్చింది. ఆ వరద మా వైపు వాళ్ళెవరూ మరిచిపోరు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ఇక్కడ ఏటిగట్టు ఎప్పుడు తెగుతుందోనని ఊరు ఊరంతా మేలుకుని ఉంది. నాన్న రెండు రోజులుగా గట్టు మీదే, ఇసుక బస్తాల డ్యూటీలో. నాకు పదకొండేళ్ళు. చీకట్లో లాంతరు పట్టుకుని అమ్మ సామాను అటక మీదికి ఎక్కిస్తోంది. అన్నిటికంటే ముందు ఎక్కించింది రేకు పెట్టె. అందులో ఏజెంటు ఇచ్చిన దారం కట్టలు, అప్పటిదాకా అల్లిన పువ్వులు. ఆ తరవాత బియ్యం. నా పుస్తకాల సంచి కిందే ఉండిపోయింది. అట్టలు వేసి, లేబుళ్ళ మీద పేర్లు రాసుకున్న కొత్త పుస్తకాలు. "నా పుస్తకాలకంటే నీకా దారమే ఎక్కువా" అని నేను ఏడ్చాను. అమ్మ ఏమీ అనలేదు. లాంతరు నా చేతికిచ్చి, సంచి తీసుకుని, నిచ్చెన మళ్ళీ ఎక్కింది.

మా వీధిలోకి నీళ్ళు రాలేదు. ఆ మాట మాత్రం నేను అనేశాను.

దారం తడిస్తే ఆ డబ్బు అమ్మ బాకీ పడుతుంది. ఎన్ని నెలలు ఊరికే అల్లితే అది తీరుతుంది? ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పుస్తకం చదివితే అర్థమైంది. ఆ పుస్తకం సంగతి కూడా చెప్పనివ్వండి, మా ఊరి గురించి ఇంగ్లీషులో పుస్తకం ఉందని నాకే చాలా కాలం తెలీదు. మరియా మీస్ అని జర్మనీ సామాజిక శాస్త్రవేత్త, మా నరసాపురం లేసు పనివాళ్ళ గురించి రాసి 1982లో అచ్చువేయించారు. మా అమ్మాయి కాలేజీలో ఏదో క్లాసు కోసం లైబ్రరీ నుంచి తెచ్చి, "అమ్మా, ఇది అమ్మమ్మ ఊరు కాదూ?" అని చూపించింది. రెండు రాత్రుళ్ళు కూచుని చదివాను. ఈ ఆడవాళ్ళని అందరూ గృహిణులంటారు, తీరిక వేళ ఏదో కాలక్షేపానికి అల్లుతున్నారంటారు, అలా అనుకోవడం వల్లే అంత తక్కువ కూలితో ఆ వ్యాపారమంతా నడుస్తోంది. స్థూలంగా ఆవిడ చెప్పిన మాట ఇది. ఎగుమతిదారు దగ్గర్నుంచి ఏజెంటు దాకా, అక్కణ్ణించి అరుగు దాకా, ఎవరికి ఎంత మిగిలిందో విడదీసి రాశారు.

చదువుతుంటే నాకు సిగ్గేసిన సంగతి ఒకటుంది. 2009లో అమ్మకి విజిటర్ వీసా ఫారం నింపింది నేనే. వృత్తి అన్న గడిలో గృహిణి అని రాశాను. ఆగి ఆలోచించి కూడా కాదు.

అమ్మ కళ్ళు లేసు వల్ల పోలేదు. డాక్టరుగారు నాకు ఫోన్లో విడమరిచి చెప్పారు, గ్లాకోమాకి కారణాలు వేరు. అయినా ఆ అనుమానం నన్ను వదల్లేదు.

మర్నాడు ఆదివారం కాదు, గురువారం. నాలుగింటికి మాధవాయిపాలెం రేవుకి ఆటోలో వెళ్ళాం. మాఘమాసం, అంతర్వేది తీర్థం దగ్గరపడుతోంది, రేవు కిటకిటలాడుతోంది. భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికైతే ఇక్కడ కాలు పెట్టే చోటుండదు. టికెట్టిచ్చే అబ్బాయి అమ్మని చూసి, "నెమ్మదిగా రండి మామ్మగారూ, చెక్క జారుద్ది" అని చెయ్యందించాడు. అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఎందుకమ్మా అంటే, "గోదారి తల్లి మీద చెప్పులతోనా" అంది.

పంటు కదిలేటప్పుడు వచ్చే ఆ కుదుపు. ఇంజను చప్పుడు, డీజిలు వాసన, దాని కిందనుంచి బురద వాసన, తడి కొబ్బరిపీచు వాసన. ముప్పై ఏళ్ళ మీదట ముక్కుకి తగిలేసరికి నా చెయ్యి తనంతట తనే ముందుకి చాచుకుంది, సైకిలు హ్యాండిలు పట్టుకోడానికి. అక్కడ కమ్మీ ఉంది. దాన్నే పట్టుకున్నాను.

మా పక్కన ఒకమ్మాయి నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతిలో పెద్ద సూట్‌కేసు, చుట్టూ తాళ్ళు కట్టి ఉన్నాయి. పలకరిస్తే, అద్దరి నుంచి కాదు, అద్దరికే వెళ్తోంది. మూడేళ్ళ తరవాత ఇంటికి.

"మీరు ఫారినాండీ?" అంది నా బ్యాగు చూసి.

"అవునమ్మా, అమెరికా."

"నేనూ ఫారినేనండి. కువైట్." నవ్వింది. ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుందట, వంట కూడా. తన బాబుకి ఇప్పుడు ఐదేళ్ళు, వాళ్ళమ్మ దగ్గర పెరుగుతున్నాడు. "వీడియోలో అమ్మా అంటాడండి. దగ్గరికొస్తాడో రాడో" అంది. సూట్‌కేసు మీద చెయ్యి తీయలేదు. నేనేదో ధైర్యం చెప్పబోయాను. చెప్పడానికి ఏముంది? నా పిల్లలు నా దగ్గరే పెరిగారు. మా ఇద్దరి ఫారినూ ఒకటి కాదు.

అమ్మే అంది. "మొదటి రోజు రాడమ్మా. నువ్వు పిలవకు. నీ పనేదో నువ్వు చేసుకుంటూ కూచో. వాడే వచ్చి ఒళ్ళో దూరతాడు."

"అంతేనంటారా మామ్మగారూ?"

"నా పిల్లలు అలాగే వచ్చేవారు. రావద్దంటే మరీ వచ్చేవారు" అంది అమ్మ. నా వైపు తిరగలేదు.

ఏటి మధ్యకొచ్చేసరికి గాలి మారింది. నీళ్ళు ఆకుపచ్చగా, తేటగా ఉన్నాయి. పడమటి వైపు ఎండ నీళ్ళ మీద పొడుగ్గా పడింది. ఎక్కడెక్కడ ఏముందో అమ్మకి చెప్పడం మొదలుపెట్టాను. అటు మన ఊరమ్మా, ఆ తెల్లగా కనిపించేది చర్చి, ఇటు కొబ్బరిచెట్లు, అదిగో ఎదురుగా ఇంకో పంటు వస్తోంది. అమ్మ కాసేపు విని, "ఉండవే, నన్ను చూసుకోనీ" అంది. తలని నెమ్మదిగా ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి తిప్పుతూ, ఆ గొట్టంలోంచే, ముక్కముక్కలుగా ఏరంతా చూసుకుంది. నేను నోరు మూసుకున్నాను.

"మీ నాన్న ఎక్కడ కూచునేవారు?"

చూపించాను. పంటు మారి ఉంటుంది, చెక్కలు మారి ఉంటాయి, అయినా ఆ మూల. ముందువైపు ఎడం పక్క, నీళ్ళు తగిలి తుంపర పడే చోటు. అమ్మ అక్కడికి వెళ్ళి, బల్ల మీద కొంగు పరుచుకుని కూచుంది.

నేను రేవులో కొన్న వేరుశనక్కాయల పొట్లం విప్పాను. నాన్న జేబులో ఇంటికొచ్చిన ఆ పొట్లం ఏమయ్యేదో నాకు బాగా గుర్తు. అమ్మ అరుగు మీద ఇంకా అల్లుతూనే ఉండేది. చీకటి పడేలోపు ఐపోవాలి. నాన్న పక్కన కూచుని ఒక్కో కాయా వలిచి, పొట్టు ఊది, గింజలు అమ్మ నోట్లో వేసేవారు, చేతులకి మరకంటకుండా. మేం చూస్తే ఆపేసేవారు. అందుకని మేం తలుపు సందులోంచి చూసేవాళ్ళం. అదంతా ఏదో సరసం అనుకునేదాన్ని నేను, కాస్త పెద్దయ్యాక. ఇప్పుడు నేనూ ఒక కాయ వలిచాను. పొట్టు ఊది, గింజలు అమ్మ నోటి దగ్గరికి తీసుకెళ్ళాను.

అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"ఆ పొట్లం ఇలా ఇయ్యవే" అంది. "ఇప్పుడు నా చేతులు ఖాళీయేగా."

పొట్లం ఒళ్ళో పెట్టుకుని తనే వలుచుకుంది. ఒకటి తన నోట్లో, ఒకటి నా చేతిలో. పొట్టు ఏట్లోకి ఊదుతూ, చేతులకంటిన మసి చీరకే తుడుచుకుంటూ. సఖినేటిపల్లి రేవు దగ్గరపడింది. కువైటమ్మాయి సూట్‌కేసు ఎత్తుకుంది. గట్టు మీద ఒక పెద్దావిడ, ఆవిడ చీర కుచ్చిళ్ళ వెనకాల సగం దాక్కుని ఒక పిల్లాడు.

"వచ్చేసిందా అద్దరి?" అంది అమ్మ.

"వచ్చేసిందమ్మా. దిగి టీ తాగుదామా?"

"దిగొద్దు. ఇలాగే వెనక్కి పోదాం" అంది. "ఆ అబ్బాయినడిగి ఇంకో టికెట్టు తియ్యి. డబ్బులు నా దగ్గరున్నాయి."